టర్బోకి కంప్రెసర్ వీల్ బయట కొంటున్నారా? ముందు ఇది చదవండి

లారీలు, టిప్పర్లు, వరికోత మిషన్లు నడుపుకునే అన్నలందరూ ఇది చదవండి. హైదరాబాద్‌లో టర్బో సామాన్లు అమ్మే ఒక షాపువాడు మాకు నాసిరకం కంప్రెసర్ వీల్ (టర్బోలో ఇంజన్‌కి గాలిని బలంగా తోసే బ్లేడ్ల చక్రం) అంటగట్టాడు. అది లోడ్ మీద నడుస్తున్న బండిలో ముక్కలైంది. తీసుకెళ్లి చూపిస్తే అది తన సరుకే కాదన్నాడు. షాపు పేరు రాయను, కానీ నల్గొండ, మిర్యాలగూడ లైన్ బండ్లవాళ్లు చాలామంది అక్కడే కొంటారు కాబట్టి ఎవరో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఇది రాస్తుంటే కూడా కోపంతో చేతులు వణుకుతున్నాయి.

మాది పాత టాటా పది టైర్ల బండి, కమిన్స్ ఇంజన్, హోల్‌సెట్ కంపెనీ టర్బో. పికప్ పడిపోయి నల్లపొగ కొడుతుంటే మా మేస్త్రీ టర్బో విప్పాడు. లోపల షాఫ్ట్‌ని పట్టుకునే బుష్‌లు అరిగి, వీల్ వెళ్లి హౌసింగ్‌కి రాసుకుని, బ్లేడ్ల అంచులన్నీ తినేసి ఉన్నాయి. షాఫ్ట్ బాగానే ఉంది, రిపేర్ కిట్టు, కొత్త వీల్ వేస్తే చాలన్నాడు. ఐకేపీ సెంటర్ల నుంచి మిల్లులకు యాసంగి వడ్లు తోలే సీజన్ అది, బండి ఆగితే కిస్తీ ఆగుతుంది, అందుకే ఆ షాపుకి ఫోన్ చేశాం.

మేస్త్రీ పాత వీల్‌ని వర్నియర్‌తో కొలిచి అన్నీ చెప్పాడు. వెనక పెద్ద వ్యాసం 78 మిల్లీమీటర్లు, గాలి లోపలికి పోయే ముందు వైపు 54, మధ్య బోరు, వీల్ ఎత్తు, బ్లేడ్లు ఎన్ని, ఏదీ వదల్లేదు. అవతలివాడు అన్నిటికీ సరే అన్నాడు. అంతటితో ఆగకుండా, ఇది పోత సరుకు కాదు, ఫోర్జింగ్ దిమ్మ (గట్టిగా నొక్కి చేసిన లోహపు దిమ్మ) నుంచి కోసిన బిల్లెట్ వీల్ అన్నాడు. మామూలు పోత వీల్ రేటుకి దాదాపు రెట్టింపు చెప్పాడు. మా మేస్త్రీ బ్యాలెన్స్ సంగతి గట్టిగా అడిగితే, షాఫ్ట్, కోర్ (షాఫ్ట్, బుష్‌లు కూర్చునే టర్బో మధ్య భాగం) మా దగ్గరికి పంపండి, వీల్ మేమే ఎక్కించి మెషీన్ మీద బ్యాలెన్స్ చేసి పంపిస్తాం అన్నాడు. దానికి వేరే డబ్బులు తీసుకున్నాడు. జీఎస్టీ బిల్లు తర్వాత పంపుతానని తెల్ల చిట్టీ రాసిచ్చాడు. కోర్ వచ్చిన అట్టడబ్బా మీద తన చేతిరాతతో మా బండి నంబరు, కింద 'బ్యాలెన్స్ ఓకే' అని రాసి ఉంది. ఈ డబ్బా సంగతి గుర్తుపెట్టుకోండి.

బ్యాలెన్స్ అని ఎందుకు ఇంత మొత్తుకుంటున్నానో తెలియని తమ్ముళ్ల కోసం చెప్తున్నా. టర్బో షాఫ్ట్ ఇంజన్‌లాగా రెండు వేలు, మూడు వేలు తిరగదు, లోడ్ మీద నిమిషానికి లక్ష చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో 78 మిల్లీమీటర్ల వీల్ అంచు సెకనుకు 400 మీటర్లు దాటి పోతుంది, అంటే శబ్దం కన్నా వేగంగా. ముందు వైపు బ్లేడు అంచు దగ్గర గ్రాములో పదో వంతు బరువు ఒక పక్కకు ఎక్కువగా ఉన్నా చాలు, అది లక్ష చుట్ల దగ్గర షాఫ్ట్‌ని దాదాపు 30 కిలోల బలంతో పక్కకు లాగుతుంది. వీల్‌కి, హౌసింగ్‌కి మధ్య సందు అర మిల్లీమీటరు కూడా ఉండదు. సన్నటి ఆయిల్ పొర మీద తేలే బుష్‌లు ఆ లాగుడుని ఎంతసేపు ఆపుతాయి? అందుకే వీల్ విడిగా బ్యాలెన్స్ అయి వచ్చినా సరే, షాఫ్ట్‌కి ఎక్కించాక కోర్ మొత్తాన్ని మళ్లీ మెషీన్ మీద చూడాలి. తేడా ఉన్నచోట కొద్దిగా గ్రైండ్ చేసి సరిచేస్తారు. ఆ గ్రైండింగ్ గుర్తులు నట్టు దగ్గరో, వీల్ వెనకో కంటికి కనిపిస్తాయి.

బండికి ఎక్కించిన మొదటి రోజు నుంచే సీటీ శబ్దం తేడాగా ఉంది. మేస్త్రీ అదే షాపుకి ఫోన్ చేస్తే, కొత్త వీల్ కదా, సెట్ అయ్యేదాకా అట్లనే ఉంటది, నడపండి అన్నాడు. టర్బో వీల్ నడిచీ నడిచీ సెట్ అవడం అనేది ఉండదు అన్నలారా! అది సరిగ్గా ఉంటే మొదటి నిమిషం నుంచే సరిగ్గా ఉంటుంది. సామాను అమ్మే మనిషికి ఈ మాత్రం తెలియదంటే నేను నమ్మను.

ఒకరోజు వడ్ల లోడుతో మిర్యాలగూడ పోతుంటే తిప్పర్తి దాటాక పెద్ద చప్పుడు, వెంటనే తెల్లటి పొగ. స్టీరింగ్ మీద మా తమ్ముడు ఉన్నాడు. వాడు వెంటనే ఇంజన్ ఆపాడు కాబట్టి బతికిపోయాం. టర్బో సీల్ పోయి ఆయిల్ గాలి పైపులోకి పడితే డీజిల్ ఇంజన్ ఆ ఆయిల్‌నే తాగుతూ తాళం తీసినా ఆగకుండా రేస్ అయిపోతుంది, దగ్గరున్న మనుషులకే ప్రమాదం. విప్పి చూస్తే వీల్ మూడు ముక్కలు, షాఫ్ట్ వంగిపోయింది, ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి ఇంజన్‌కి పోయే గాలిని చల్లార్చేది) నిండా అల్యూమినియం రవ్వలు, ఆయిల్. ఆ ముక్కలు ఇంటర్‌కూలర్ దగ్గరే ఆగాయి. దాటిపోయి ఉంటే వాల్వులు, పిస్టన్లు, లైనర్లు అన్నీ పోయేవి.

విరిగిన చోట చూస్తే లోహంలో సూదిమొన అంత రంధ్రాలు. పోతలో గాలి బుడగలు నిలిచిపోతే వచ్చే రంధ్రాలవి, ఫోర్జింగ్ దిమ్మలో అవి ఉండవు. అంటే పోత వీల్‌కి పాలిష్ పెట్టి బిల్లెట్ అని అమ్మాడు. పోత వీల్ అన్నంత మాత్రాన చెడ్డది కాదు, రోడ్డు మీద తిరిగే మామూలు బండ్లలో చాలావాటికి కంపెనీ నుంచి వచ్చేది మంచి పోత వీలే, అది లక్షల కిలోమీటర్లు నడుస్తుంది. మాకు అమ్మింది మంచి పోత కూడా కాదు. ఇక ఆ ముక్కలు అన్నీ కలిపి పెట్టి చూస్తే నట్టు దగ్గర గానీ, వీల్ వెనక గానీ గ్రైండింగ్ గీత ఒక్కటి లేదు. బ్యాలెన్స్ మెషీన్ ఉన్న వేరే ఆయనకు చూపించాం. ఇది మెషీన్ ఎక్కినట్టే లేదు అని ఆయన ముఖం మీదే చెప్పాడు.

ముక్కలు, డబ్బా పట్టుకుని షాపుకి పోయాను. నన్ను బాధపెట్టింది డబ్బు కన్నా అక్కడ జరిగిందే. కౌంటర్ దగ్గర నలుగురు కస్టమర్లు ఉన్నారు. ముక్కలు చేతిలోకి కూడా తీసుకోలేదు. "ఇది మా సామాన్ కాదు. ఏడనో కొని మా మీద ఏస్తున్నవ్" అన్నాడు. అన్నా, నువ్వే ఎక్కించి పంపినవ్ కదా, డబ్బా మీద నీ రాతే ఉంది అని చూపించాను. ఆ డబ్బా చూస్తానని తీసుకుని, నా కళ్ల ముందే రాసి ఉన్న మూత చింపి కౌంటర్ కింద పడేశాడు. అందరూ చూస్తుండగానే. చింపి, "ఇప్పుడు ఏది నా రాత?" అన్నాడు. నేను రంధ్రాల గురించి, గ్రైండింగ్ గురించి అడిగితే, "లారీ తోలుకునేటోనివి, నాకు మిల్లీమీటర్లు నేర్పుతవా? పో" అన్నాడు. నాకన్నా చిన్నవాడు. ఏళ్ల తరబడి ఆ షాపుకి మా ఊరి నుంచి ఎంతోమందిని పంపినవాడిని నేను. వడ్డీకి తెచ్చి కట్టిన డబ్బు అది. ఆ మాట, ఆ డబ్బా చింపిన చప్పుడు చెవిలోంచి పోవట్లేదు.

డబ్బా చింపినా, ప్యాక్ చేసినప్పుడు తనే వాట్సాప్‌లో పంపిన ఫోటోలో ఆ రాత అంతా ఉంది. ఫోన్‌పే కట్టిన రుజువు ఉంది. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెప్పాను, నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తున్నాను. లారీ అంటే వ్యాపారం, నీకు కేసు చెల్లదు అని ఎవరైనా అంటే నమ్మకండి. సొంతంగా బతుకుదెరువు కోసం నడుపుకునేవాళ్లు కొన్న వస్తువుకి 2019 చట్టం కింద కేసు వేయొచ్చు. అమ్మిన సరుకు వాపస్ తీసుకోము అని చిట్టీ మీద అచ్చు వేసినంత మాత్రాన పాడు సరుకు నుంచి తప్పించుకోవడానికి లేదు, బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ చట్టంలో తప్పే.

కొనేవాళ్లకు నాలుగు మాటలు. పెద్ద వ్యాసం ఒక్కటే చూసి కొనకండి, ముందు వ్యాసం మారితే టర్బో స్వభావమే మారుతుంది. ముందు 54, వెనక 78 ఉంటే ట్రిమ్ (ముందు వ్యాసం వర్గాన్ని వెనక వ్యాసం వర్గంతో భాగించి వందతో గుణిస్తే వచ్చేది) దాదాపు 48, ముందు 56 అయితే దాదాపు 52. రెండూ వేరే వేరే వీల్స్, హౌసింగ్ కూడా వేరే. బిల్లెట్ అంటే బ్లేడ్ల మీద కట్టర్ గీతలు ఉన్నాయా అని అడగండి, చాలావాటిలో కనిపిస్తాయి. మీ బండికి ఫోర్జ్‌డ్ అవసరమే లేకపోతే పేరున్న మంచి పోత వీల్ తీసుకోండి. బ్యాలెన్స్ ఎదురుగా నిలబడి చేయించండి, మెషీన్ రిపోర్టు కాగితం తీసుకోండి. పాత వీల్ పారేయకండి.

ఈ మధ్య ఆ షాపులో కోర్ చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, బండి చల్లారాక టర్బో ముందున్న గాలి పైపు తీసి వేళ్లతో వీల్ పట్టుకుని చూడండి. పక్కలకు కొద్దిగా ఆడటం మామూలే. ముందుకూ వెనక్కూ చేతికి తెలిసేంత కదిలినా, పక్కకు నొక్కి తిప్పితే హౌసింగ్‌కి తగిలినా, పైపులో ఆయిల్ కారుతున్నా, బండి లోడ్‌కి తీయకండి. ముందు నాకు మెసేజ్ పెట్టండి, కేసులో మీ బిల్లులు కూడా కలుపుదాం.