ఆటో నొక్కి వదిలేస్తేనే బాగుంటుంది: కారు క్లైమేట్ కంట్రోల్ రివ్యూ

మామూలు ఏసీకీ, ఆటో నొక్కితే మనం పెట్టిన టెంపరేచర్‌ని తనే నిలబెట్టే క్లైమేట్ కంట్రోల్‌కీ కంప్రెసర్, గాలిని చల్లబరిచే ఎవాపరేటర్, ఇంజిన్ వేడితో గాలిని వెచ్చబరిచే హీటర్ కోర్ అన్నీ ఒకటే. అదనంగా డబ్బు పోసేది సెన్సర్లకి, డ్యాష్‌బోర్డు లోపల ఫ్లాపులు తిప్పే బుల్లి మోటార్లకి. ఆ డబ్బు గిట్టుబాటే, వాడేవాళ్ల చెయ్యి ఊరుకుంటే.

ఎండలో మాడిన కారులో 24 పెడితే టెంపరేచర్ ఫ్లాప్ హీటర్ దారి మూసేస్తుంది, బ్లోయర్ హోరెత్తుతుంది. చాలా కార్లలో లోపలి గాలే తిరగడం మొదలవుతుంది. అప్పుడు 18కి దించినా గాలి అంతకంటే చల్లగా రాదు. ఎవాపరేటర్ మీద మంచు కట్టకూడదు కాబట్టి దాని చల్లదనం సున్నాకి కాస్త పైనే ఆగుతుంది. తర్వాత వణకడం ఒక్కటే 18 వల్ల లాభం. మొదటి నిమిషం అద్దాలు దించి వేడిని బయటికి పంపే పని మాత్రం మనదే.

క్యాబిన్ చల్లబడేకొద్దీ బ్లోయర్ మెల్లగా తగ్గాలి, ఫ్లాప్ కొద్దికొద్దిగా వేడి గాలి కలపాలి. ఈ మార్పు చెవికి తెలియకపోతే ట్యూనింగ్ బాగున్నట్టే. టెస్ట్ డ్రైవ్‌లో గమనించాల్సింది ఇదే. చలిలో ఇంజిన్ వేడెక్కేదాకా గాలి నీరసంగా రావడం లోపం కాదు, హీటర్‌కి వేడినిచ్చే ఇంజిన్ కూలెంట్ కాగడం కోసం ఆగుతోందంతే.

బలహీనత రీసర్క్యులేషన్, అంటే లోపలి గాలే తిరగడం. ఎక్కువసేపు ఉంటే అద్దాలు మసకబారతాయి. ముందద్దం మసక పోగొట్టే డీఫ్రాస్ట్ బటన్ నొక్కితే బయటి గాలితో పాటు ఏసీ కూడా ఆన్ అవడం చూసి కంగారు పడొద్దు, గాలిలో తేమ పిండేది ఏసీయే.

డ్యాష్‌బోర్డు వెనక టక్‌టక్ మంటే సాధారణంగా ఫ్లాప్ మోటారులో ప్లాస్టిక్ గేర్ పళ్లు అరిగినట్టు. రెండు వైపులా వేర్వేరు టెంపరేచర్ పెట్టుకునే డ్యూయల్ జోన్‌లో ఒకవైపు చల్లగా, మరోవైపు వెచ్చగా వస్తే వెచ్చటి వైపు మోటారుతో పాటు ఏసీ గ్యాస్ కూడా చూపించాలి. గ్యాస్ తగ్గినా ఇదే లక్షణం. మోత ఎక్కువై గాలి తగ్గితే ముందు క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి.

డ్యాష్‌బోర్డు మీది నల్లటి బొడిపె ఎండ సెన్సర్, దానిపై కాగితం కూడా పెట్టొద్దు. స్టీరింగ్ దగ్గరో, మధ్య ప్యానెల్‌లోనో ఉండే చిన్న జల్లెడ వెనక క్యాబిన్ టెంపరేచర్ సెన్సర్ ఉంటుంది. అది దుమ్ముతో మూసుకుంటే ఆటో లెక్కే తప్పుతుంది. మెత్తటి బ్రష్‌తో తుడిస్తే చాలు.