స్పేసర్‌తో నాలుగేళ్లు: ఒక ఉబ్బసం మనిషి అనుభవం

మాది గుంటూరు. మార్చి, ఏప్రిల్‌లో మిర్చి రాక ఎక్కువగా ఉన్నప్పుడు యార్డు వైపు ఆటోలో వెళ్తే చాలు, నాకు ఛాతీ బిగుసుకుపోతుంది. రాత్రికి పిల్లికూతలు. పదేళ్లుగా ఇన్‌హేలర్ పంపు వాడుతున్నాను. అందులో మొదటి ఆరేళ్లు నేరుగా నోట్లో పెట్టుకుని కొట్టుకున్నవే. తగ్గినట్టే ఉండి మళ్లీ తిరగబెట్టేది. డోసు పెంచారు. గొంతు బొంగురుపోయింది, నాలుక మీద తెల్లటి పొర కట్టింది. ఈ మందు నాకు పడటం లేదని ఇంట్లో అందరం అనుకున్నాం.

నాలుగేళ్ల కిందట వేరే డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన పాత చీటీలు తిరగేయకుండానే "ఏదమ్మా, పంపు ఎలా తీసుకుంటున్నారో ఒకసారి చూపించండి" అన్నారు. ఆరేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. చూపించాను. ఆయన నా చేతిలో చిన్న అద్దం పెట్టి, అందులో చూసుకుంటూ మళ్లీ కొట్టమన్నారు. నొక్కగానే తెల్లటి పొగ నా పెదాల పక్కనుంచి బయటికి వచ్చేసింది. నేను ముందు నొక్కి, తర్వాత పీలుస్తున్నాను. అదీ గబుక్కున. లోపలికి వెళ్లిన కాస్త మందూ గొంతులోనే ఆగిపోతోంది. నాలుక మీద పొర కూడా పంపులోని స్టెరాయిడ్ మందు నోట్లో మిగిలిపోవడం వల్లేనట. ఆ అద్దంలో పొగ చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. కూర్చునే తెల్లవార్చిన రాత్రులన్నీ గుర్తొచ్చాయి.

మందు మార్చలేదు. ఒక ప్లాస్టిక్ స్పేసర్, అంటే పంపుకీ నోటికీ మధ్య పెట్టుకునే గొట్టం, మాత్రం రాసిచ్చారు. నాకు దీనిలో ప్రాణం లేచొచ్చిన సంగతి ఒక్కటే: నొక్కడం, పీల్చడం ఒకే క్షణంలో కుదరాలన్న టెన్షన్ పోయింది. పంపులోంచి దూసుకొచ్చే మందు గొట్టంలో నెమ్మదిస్తుంది. పెద్ద తుంపర్లు అక్కడే ఆగి, సన్నటివి లోపలికి వెళ్తాయి. పంపు బాగా ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, ఒక్కసారి నొక్కి, వెంటనే నాలుగైదు సెకన్లు మెల్లగా పీలుస్తాను. పది లెక్కపెట్టేదాకా బిగబడతాను. రెండో పఫ్‌కి అర నిమిషమైనా ఆగి, మళ్లీ ఊపి కొడతాను. రెండూ కలిపి కొట్టకూడదు. చివర్లో పుక్కిలించి ఉమ్మేస్తాను. రెండు నెలల్లో నాలుక శుభ్రపడింది. రాత్రి లేవడం దాదాపు పోయింది.

మొదటి ఏడాది కనిపించిన ప్రతివాళ్లకీ దీని గురించే చెప్పాను. ఇప్పుడైతే కొంచెం ఆగి చెబుతాను. శుభ్రంగా ఉండాలని నేను దీన్ని రోజూ కడిగి, లోపల మెత్తటి గుడ్డతో తుడిచేదాన్ని. కొన్నాళ్లకు మళ్లీ ఆయాసం మొదలైంది. అలా రుద్దితే ప్లాస్టిక్‌కి స్థిర విద్యుత్తు పట్టి, మందు గోడలకే అంటుకుంటుందని డాక్టరుగారు చెప్పారు. ఇప్పుడు వారానికోసారి సబ్బునీళ్లలో ముంచి తీసి, తుడవకుండా గాలికి వదిలేస్తున్నాను. హ్యాండ్‌బ్యాగులో సగం చోటు ఇదే తినేస్తుంది, పెళ్లిళ్లకు వెళ్లినప్పుడు ఇంట్లో వదిలేసి ఇబ్బంది పడ్డ రోజులూ ఉన్నాయి. పంపు ఖాళీ అయిందో లేదో కూడా ఇది చెప్పదు. నా పంపు 120 పఫ్‌లది, లెక్క చూపించే కిటికీ లేదు. పొద్దున రెండు, రాత్రి రెండు అంటే 30 రోజులు. అందుకే తెరిచిన తేదీ స్కెచ్ పెన్నుతో పంపు మీదే రాసుకుంటాను. నీళ్లలో వేసి తేలుతుందా మునుగుతుందా అని చూడటం మానేశాను, దాన్ని నమ్మడానికి లేదు.

నాకు యాభై దాటాయి, వేళ్లు మునుపటిలా చురుగ్గా లేవు, అందుకే ఇది నాకు ఇంతగా కలిసొచ్చిందేమో. మా అక్క క్యాప్సూల్ పెట్టి పీల్చే పొడి మందు వాడుతుంది. దానికి స్పేసర్ పనికిరాదు. పైగా దాన్ని గట్టిగా, వేగంగా లాగాలి. నన్ను చూసి కొన్నాళ్లు తనూ మెల్లగా పీల్చిందట, ఆ సంగతి తెలిసినప్పుడు నా గుండె జారిపోయింది. వచ్చే వారం తనని మా డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తున్నాను. తన పరికరం కూడా వెంట తెమ్మని చెప్పాను, ఆయన ముందే ఒకసారి పీల్చి చూపించాలి.