ఆఫీసు ఫోన్ సిస్టమ్ మార్పు: మాకిచ్చిన కొటేషన్ మీద నా రివ్యూ

మా పాత ఈపీఏబీఎక్స్‌కి (ఆఫీసు లోపలి ఫోన్ ఎక్స్‌ఛేంజ్) విడిభాగాలు దొరకడం మానేశాక, కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచే ఐపీ ఫోన్లకు మారాలనుకుని ఒక సంస్థను కొటేషన్ అడిగాం. పేరు చెప్పను. ఆఫీసులో అకౌంట్లు చూసేది నేనే కాబట్టి ఆ కాగితం నా టేబుల్ మీదకే వచ్చింది.

ముందు మెచ్చుకోవాల్సినవి. దేనికెంతో విడగొట్టి ఇచ్చారు, ఫోన్ల మోడల్ నంబర్లతో సహా. ‘కంప్లీట్ సొల్యూషన్, ఒక సెట్’ అని ఒకే అంకె వేసిన కాగితంతో బేరమాడటానికి ఏముంటుంది? మోడళ్లు తెలిశాయి కనుక అవే వేరేచోట్ల అడిగి చూశాను, ఫోన్ల ధర దాదాపు అంతే. పైగా అవి సిప్ అనే ఉమ్మడి ప్రమాణంతో నడిచే మామూలు ఫోన్లు. రేపు ఎక్స్‌ఛేంజ్ మార్చినా పనికొస్తాయి. లిఫ్టులోని ఫోనుకూ ఫ్యాక్స్ మెషీన్‌కూ అనలాగ్ గేట్‌వే (పాత తరహా ఫోన్లను కొత్త సిస్టమ్‌కి కలిపే పెట్టె) కావాలని మేం చెప్పకుండానే వాళ్లే గుర్తుపెట్టుకుని రాశారు.

పేచీ వచ్చింది ఛానెళ్ల దగ్గర. మాకు 60 ఎక్స్‌టెన్షన్లు, అంటే లోపలి ఫోన్లు. బయటి కాల్స్ నడిపే కనెక్షన్‌కి, అంటే సిప్ ట్రంక్‌కి, 30 ఛానెళ్లు వేశారు. ఒక ఛానెల్ మీద ఒకసారికి ఒక్క బయటి కాలే నడుస్తుంది. అంటే ఆఫీసులో ఎందరున్నా సరే, ఒకే సమయంలో బయటివాళ్లతో ఎందరు మాట్లాడుతున్నారన్నదే లెక్క. పాత ఎక్స్‌ఛేంజ్ నుంచి కాల్ రికార్డులు తీయించి చూస్తే నెలాఖరు రద్దీలో కూడా 9 దాటలేదు. ఇదేంటని సేల్స్ అబ్బాయిని అడిగాను. “పాత పీఆర్ఐలో 30 ఉన్నాయి కదా మేడమ్, అవే వేశాం” అన్నాడు. ఈ1 పీఆర్ఐ అంటేనే టెలిఫోన్ కంపెనీ ఇచ్చే 30 ఛానెళ్ల డిజిటల్ లైను. సిప్‌లో ఆ కట్టుబాటు లేదు, కావలసినన్ని తీసుకుని తర్వాత పెంచుకోవచ్చు. చివరికి 12కి దించారు. నెలనెలా కట్టే అద్దె కాబట్టి ఫోన్ల ధరలో పట్టుబట్టి తగ్గించుకునేదానికన్నా ఇక్కడ మిగిలిందే ఎక్కువ.

వాయిస్ కోసం విడిగా 100 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ లైను కూడా రాశారు. జీ.711 కోడెక్‌లో (గొంతును డేటాగా మార్చే ఒక పద్ధతి) ఒక కాల్‌కి ఒక్కో వైపు సుమారు 87 కేబీపీఎస్ పడుతుంది. 12 కాల్స్ కలిపినా ఒక ఎంబీపీఎస్ పైచిలుకే. ఉన్న లైను పడిపోతే ఇంకోటి ఉండాలంటే ఒప్పుకునేదాన్నే, స్పీడు చాలదంటే మాత్రం ఎలా ఒప్పుకుంటాను? కొట్టేయించాను. కొత్త కేబుల్ లాగడమూ అంతే. మాది క్యాట్ 5ఈ రకం నెట్‌వర్క్ కేబుల్, గిగాబిట్ స్పీడుకి సరిపోతుంది. ఫోను వెనక కంప్యూటర్‌కి ఇంకో పోర్టు ఉంటుంది కనుక టేబుల్‌కి ఒక్క కేబుల్ చాలు.

నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే ఫోన్లకు కరెంటు ఇచ్చే పీఓఈ స్విచ్‌లు కూడా మోతాదు మించినవే. డెస్క్ ఫోనుకి కొద్ది వాట్లు చాలు, వీళ్లేమో పోర్టుకి 30 వాట్ల లెక్కన వేశారు. అయితే ముందుముందు కెమెరాలు పెట్టే ఆలోచన మాకుంది కాబట్టి దాన్ని వదిలేశాను.

కాగితంలో రాయనివి ఇంకా కష్టపెట్టాయి. ‘లైసెన్స్’ అని ఊరికే రాశారు. ఒక్కసారి కొంటే సరిపోతుందా, ఏటా కట్టాలా? మెయిల్‌లో అడిగితే ఏటా అన్నారు. అప్పుడు ఐదేళ్ల మొత్తం వేసి చూస్తే, మొదట్లో చవగ్గా కనిపించిన ఈ కొటేషన్ అంత చవకైనదేమీ కాదని తేలింది. వీడియో, మొబైల్ యాప్ ఉన్న పెద్ద లైసెన్సే అందరికీ వేశారు. గేటు దగ్గర సెక్యూరిటీకి వీడియో కాల్ దేనికో! అలాంటి ఫోన్లన్నిటికీ మామూలు లైసెన్స్ వేయించాను.

ఏఎంసీని (ఏటా కట్టే మెయింటెనెన్స్ ఒప్పందం) కొటేషన్ మొత్తం మీద శాతంగా లెక్కేశారు, ఇన్‌స్టలేషన్ కూలీ కూడా అందులోనే. ఒకసారి చేసి వెళ్లిపోయిన పనికి ఏటా మెయింటెనెన్స్ ఏమిటి? కూలీ తీసేశారు గానీ లైసెన్సుల మీద మాత్రం దిగిరాలేదు. ఏటా రెన్యువల్ కట్టేవాటికే మళ్లీ ఏఎంసీ అన్నమాట. ఇది అన్యాయమనే ఇప్పటికీ నా అభిప్రాయం.

పని మాత్రం శుభ్రంగా చేశారు. సెలవు రోజున మార్చారు, పాత నంబర్లు పోలేదు. ఆర్డర్‌లో ముందే రాయించాం కాబట్టి అడ్మిన్ పాస్‌వర్డ్ అదే రోజు చేతికిచ్చారు. సవరించాక వచ్చిన కొటేషన్‌కి ఐదుకి మూడున్నర ఇస్తాను. మొదటిదానికైతే రెండే.