255 డాలర్లకు ఒక గేటు చూశాం

ఉరుగ్వే రాజధాని మాంటెవీడియో ఊరి చివర రింకోన్ దెల్ సెర్రో అనే పల్లె. రోడ్డు పక్కన ఒక గేటు ముందు మా వ్యాన్ ఆగింది. "ఇదే" అన్నాడు గైడ్. దిగాం. చెట్లు, వాటి సందులోంచి రేకుల కప్పు ముక్క ఒకటి కనిపించాయి. లోపలికి ఎప్పుడు వెళ్దామని అడిగితే "లోపలికా?" అని నన్నే ఎదురడిగాడు. ఇరవై నిమిషాలు ఆ గేటు ముందు నిలబడ్డాం. తరవాత "ఎక్కండి, భోజనానికి టైమైంది" అన్నాడు. మనిషికి 85 డాలర్లు. ముగ్గురికి 255. మన లెక్కలో ఇరవై రెండు వేల పైమాటే.

ఆ ఇల్లు ఉరుగ్వే మాజీ అధ్యక్షుడు హోసే ముహీకాది. మన పేపర్లు 'జోస్ ముజికా' అని రాశాయి, అక్కడివాళ్ళు ప్రేమగా 'పెపే' అంటారు. 2010 నుంచి 2015 దాకా దేశాన్ని ఏలిన మనిషి. అధ్యక్ష భవనం వద్దని ఈ రేకుల ఇంట్లోనే ఉన్నాడు. జీతంలో తొంభై శాతం దానం చేశాడు. 2010లో ఆయన ప్రకటించిన ఆస్తి 1,800 డాలర్లు, అదీ 1987 మోడల్ నీలం రంగు బీటిల్ కారు విలువ. అలాంటి మనిషి గేటు చూపించడానికి నా దగ్గర 255 డాలర్లు లాగారు. ఒళ్ళు మండదా మరి?

అసలు ఈ ట్రిప్ మా నాన్న కోసం. బావమరిది మాంటెవీడియోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మన టీసీఎస్ 2002 నుంచే అక్కడుంది కాబట్టి తెలుగువాళ్ళు తగలడం వింతేమీ కాదు. "బావా, ఒకసారి రండి" అని నాలుగేళ్ళుగా పిలుస్తున్నాడు. అంత దూరం ఎవరు వెళ్తారులే అనుకున్నాం. 2025 మే 13న, తొంభయ్యో పుట్టినరోజుకి వారం ముందు, ముహీకా పోయాడు. ఆ వార్త చూసిన దగ్గర్నుంచి నాన్న పట్టు పట్టాడు. ఆయనకి డెబ్భై రెండేళ్ళు. ఎమర్జెన్సీలో మీసా చట్టం కింద ముషీరాబాద్ జైల్లో ఏడు నెలలున్నాడు. అదే సమయంలో ముహీకా కూడా జైల్లో ఉన్నాడన్నదే ఆయనకి దగ్గరితనం. "నేను ఏడు నెలలకి బయటికొచ్చా, ఆయన ఇంకా లోపలే ఉన్నాడు" అంటాడు. టికెట్ మనిషికి లక్షా అరవై ఎనిమిది వేలు అయింది. మా ఆవిడ మొహం రెండు రోజులు మాడింది. తరవాత తనే సూట్‌కేసులో ఆవకాయ సర్దడం మొదలుపెట్టింది. దోహా, సావో పాలో మీదుగా ముప్ఫై గంటల పైన ప్రయాణం. దాని గురించి చెప్పుకోవడానికి నిద్రలేమి తప్ప ఏం లేదు.

బావమరిదిది ఒక్క బెడ్‌రూమ్ ఇల్లు. అందుకని మొదటి మూడు రాత్రులకి పాత ఊళ్ళో, సియుదాద్ వియెహాలో, ఒక లాడ్జి తీసుకున్నాం. పేరు రాయను. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఫోటోలో కనిపించిన బాల్కనీ ఉంది కానీ తలుపు తెరుచుకోదు. వేడినీళ్ళకి కాలెఫోన్ అని ఒక చిన్న ట్యాంకు ఉంటుంది. నాన్న స్నానం చేసేసరికి అది ఖాళీ, మళ్ళీ వేడెక్కడానికి గంట పట్టేది. మా ఆవిడ రెండో రోజు ఉదయం చన్నీళ్ళతో స్నానం చేసి వచ్చి నాతో సాయంత్రం దాకా మాట్లాడలేదు. లాడ్జి బుక్ చేసింది నేనే కాబట్టి నేనూ నోరెత్తలేదు.

అవన్నీ సర్దుకుపోవచ్చు. బిల్లు దగ్గరే అసలు గొడవ. ఉరుగ్వేలో విదేశీ పర్యాటకులకి లాడ్జి గది మీద వ్యాట్ పడదు, పాస్‌పోర్టు చూపిస్తే చాలు. రాత్రికి 72 చొప్పున 216 డాలర్లు అవ్వాలి. పదిశాతం కలిపి 237 డాలర్ల 60 సెంట్లు చేతిలో పెట్టారు. "సిస్టమ్ తీసుకోవట్లేదు" అంది కౌంటర్ దగ్గరి అమ్మాయి. ఈ మాట కోసం ఇంత దూరం రావాలా, మన ఊళ్ళో ఏ కౌంటర్ దగ్గరైనా వినొచ్చు కదా అనిపించింది. బావమరిదికి ఫోన్ కలిపాను. వాడు స్పానిష్‌లో నాలుగు నిమిషాలు మాట్లాడాక సిస్టమ్ తీసుకుంది. వెళ్ళేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, గదిలో దిగేటప్పుడే అడగండి. ఇంకో మాట, పాత ఊరు పగలు అందంగానే ఉంటుంది, చీకటి పడితే వీధులు ఖాళీ. పెద్దవాళ్ళతో వెళ్తే పోసితోస్ వైపో పుంతా కర్రేతాస్ వైపో దిగండి. పది, పదిహేను డాలర్లు ఎక్కువైనా నయం.

పుంతా కర్రేతాస్ అంటే గుర్తొచ్చింది. ఆ పేట పేరుతో ఒక పెద్ద షాపింగ్ మాల్ ఉంది. అది ఒకప్పటి జైలు. ముహీకా తుపమారోస్ అనే సాయుధ దళంలో ఉండేవాడు. 1970లో ఒక బార్‌లో పోలీసులతో జరిగిన కాల్పుల్లో ఆయన ఒంట్లోకి ఆరు తూటాలు దిగాయి. బతికాక పెట్టింది ఈ జైల్లోనే. 1971 సెప్టెంబరులో ఒక రాత్రి 111 మంది ఖైదీలు సొరంగం తవ్వి, రోడ్డుకి అవతల ఉన్న ఇంట్లో తేలి పారిపోయారు. వాళ్ళలో ముహీకా ఒకడు. 1986లో జైలు మూసేశారు, 1994లో మాల్ తెరిచారు. పాత గేటు అలాగే ఉంచారు.

నాన్న ఆ మాల్ మధ్యలో, ఎస్కలేటర్ దగ్గర, చాలాసేపు నిలబడ్డాడు. చుట్టూ చెప్పుల షాపులు, ఐస్‌క్రీమ్, స్ట్రోలర్లలో పిల్లలు. "మా ముషీరాబాద్ జైలుని పడగొట్టి గాంధీ ఆసుపత్రి కట్టారు. వీళ్ళు బట్టల కొట్టు చేసుకున్నారు" అన్నాడు. కోపంగా అన్నాడో నవ్వుతూ అన్నాడో నాకు తెలియలేదు. కాసేపాగి తనే "ఇక్కడే కాఫీ తాగుదాం, జైల్లో కాఫీ దొరికేది కాదు" అన్నాడు. మూడు కాఫీలు, ఒక కేకు ముక్క కలిపి 790 పెసోలు. పెసో మనకి రెండు రూపాయల పైచిలుకు, లెక్క మీరే వేసుకోండి. ఆ డబ్బు ఖర్చయినందుకు మాత్రం నాకు బాధ లేదు. నాన్న ఆ బల్ల దగ్గర కూర్చుని, నాకు ఎప్పుడూ చెప్పని ముషీరాబాద్ కబుర్లు గంటసేపు చెప్పాడు. ముహీకా 1972లో మళ్ళీ పట్టుబడ్డాక, ఆయన్నీ ఇంకో ఎనిమిదిమందినీ సైన్యం బందీలుగా ఉంచుకుంది. ఒక బ్యారక్ నుంచి ఇంకో బ్యారక్‌కి తిప్పుతూ, ఏళ్ళ తరబడి ఒంటరి గదుల్లో పెట్టింది. పుస్తకాలు లేవు, మాట్లాడే మనిషి లేడు. 1985లో సైనిక పాలన పోయాకే విడుదల. "మేం నలుగురం ఒక బ్యారక్‌లో కూర్చుని పోట్లాడుకునేవాళ్ళం. పోట్లాడుకోవడానికి మనిషి లేకపోతే ఏమైపోయేవాణ్ణో" అన్నాడు నాన్న. మా ఆవిడ తన కేకు ముక్క ఆయన వైపు జరిపింది.

పార్లమెంటు భవనం, పలాసియో లెజిస్లాతివో, తప్పకుండా చూడండి. 1925 ఆగస్టులో మొదలైంది, మేం వెళ్ళేసరికి నూరేళ్ళు నిండాయి. లోపలంతా రంగురంగుల పాలరాయి. ముహీకా భౌతికకాయాన్ని ఆ పెద్ద హాల్లోనే ఉంచారు. 1995లో మొదటిసారి ఎంపీగా ఆయన స్కూటరేసుకుని వస్తే, పార్కింగ్ చూసే మనిషి "ఎక్కువసేపు ఉంటారా?" అని అడిగాడట. "మధ్యలో గెంటేయకపోతే ఐదేళ్ళు" అన్నాడట ఈయన. మాకు భవనం చూపించినావిడ ఈ కథని ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటుందో, అయినా నవ్వుతూనే చెప్పింది. విదేశీయులకి తీసుకునే కొద్దిపాటి టికెట్‌కి ఇంత మర్యాద దొరకడం నాకు ఆశ్చర్యమే.

ఇప్పుడు ఆ టూర్ సంగతి. లాడ్జి కింద అంటించిన కాగితం చూసి బుక్ చేశాను. 'పెపే జీవితం: పొలం, కారు, స్థానిక భోజనం' అని ఉంది. పొలం అంటే గేటు. కారు ఏదని అడిగితే, వ్యాన్ వెనక సీటు మీంచి బీటిల్ బొమ్మ ఉన్న పోస్టుకార్డు తీసిచ్చాడు. 2014లో ఒక అరబ్ షేక్ ఆ కారుకి పదిలక్షల డాలర్లు ఇస్తానన్నా ముహీకా అమ్మలేదు, ఆ కథ నాకూ తెలుసు. స్థానిక భోజనం అంటే పెట్రోల్ బంకులో మనిషికి రెండు ఎంపనాదాలు, మన కజ్జికాయ ఆకారంలో ఉండే మాంసం బూరెలు. ఆ రోజు శనివారం. మా ఆవిడ శనివారం మాంసం ముట్టదు. నీళ్ళ సీసా పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

నాన్న కోపం మాత్రం డబ్బు గురించి కాదు. మాతో వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు కంచె మీదికి ఫోన్లు ఎత్తి వీడియో తీస్తుంటే గైడ్ ఇంకా ఎత్తి తీయమని చెబుతున్నాడు. అది మ్యూజియం కాదు. ఆయన భార్య లూసియా తొపోలాన్స్కీ ఇల్లు. ఆవిడా జైలుపాలైన మనిషే, 2017 నుంచి 2020 దాకా ఉపాధ్యక్షురాలు. "చావు జరిగి ఆరు నెలలు కాలేదు, పెద్దావిడ ఇంట్లోకి తొంగి చూడటమేంట్రా" అని నాన్న వెళ్ళి వ్యాన్‌లో కూర్చున్నాడు. డబ్బు వెనక్కివ్వమని తరవాత మెసేజ్ పెట్టాను. నవ్వుతున్న మొహం బొమ్మ ఒకటి వచ్చింది. ఇక్కడ నా తప్పూ ఉంది. లోపలికి తీసుకెళ్తారా అని ముందే అడగలేదు, అడగడానికి సిగ్గుపడ్డాను.

అందరూ ముహీకాని దేవుడిలా చూస్తారనుకోకండి. తిరుగు ప్రయాణంలో ఎక్కిన టాక్సీ డ్రైవర్‌కి ఆయన పేరెత్తితే చాలు, స్టీరింగ్ వదిలేసి చేతులు తిప్పాడు. 2012లో ప్లూనా విమానాల కంపెనీ మూతపడింది ఆయన హయాంలోనే, బడులు బాగుచేస్తానని చేయలేదు, గంజాయిని చట్టబద్ధం చేశాడు, ఇలా లిస్టు చదివాడు. బావమరిది తెలుగు చేసి చెబుతుంటే నాన్న శ్రద్ధగా విని, "మంచిది, తిట్టేవాడు ఉండాలి" అన్నాడు. గంజాయి చట్టం 2013 డిసెంబరులో వచ్చింది, కానీ అక్కడ నివాసం ఉన్నవాళ్ళు పేరు నమోదు చేయించుకుంటేనే అమ్ముతారు, మనకి కాదు. సముద్రంలా కనిపించే నది ఒడ్డున రాంబ్లా అనే పొడుగాటి నడకదారి ఉంటుంది. సాయంత్రం అక్కడ ఆ వాసన బాగానే తగులుతుంది. మా ఆవిడ ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని రెండు కిలోమీటర్లు నడిచింది.

ఆ శనివారం రాత్రి మమ్మల్ని కాపాడింది ఫయినా. మాంసం తప్ప ఇంకోటి తినని దేశంలో ఇదొకటి ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. పిజ్జా కొట్లలో దొరుకుతుంది. శనగపిండి, నీళ్ళు, నూనె, ఉప్పు కలిపి పెనంలో పోసి పొయ్యిలో కాలుస్తారు. పైన అంచు కరకర, లోపల మెత్తగా, మిరియాలపొడి చల్లి ఇస్తారు. మా ఆవిడ ఒక ముక్క కొరికి "ఇది మన శనగపిండి అట్టేగా!" అని మూడు రోజుల తరవాత నోరారా నవ్వింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఆవకాయ డబ్బా బయటికొచ్చింది. పక్క బల్ల ముసలాయన అదేంటని అడిగితే కాస్త పెట్టింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా ఇంకాస్త అడిగాడు. నలుగురం కడుపు నిండా తింటే 1,140 పెసోలు. మేం వెళ్ళినప్పుడు విదేశీ కార్డుతో కడితే రెస్టారెంట్ బిల్లులో పన్ను తగ్గేది, మాకూ తగ్గింది. అందుకే నగదు ఇవ్వలేదు.

ఆదివారం ఉదయం త్రిస్తాన్ నార్వాహా వీధి సంతకి వెళ్ళాం. పాత పుస్తకాలు, కుక్కపిల్లలు, తుప్పు పట్టిన తాళాలు, అన్నీ ఒకే వీధిలో. నాన్న ఒక పూల బండి దగ్గర ఆగాడు. చామంతులు. ముహీకా జైలు నుంచి వచ్చాక బతికింది పూలు పండించి అమ్మే కదా, అందులో చామంతులూ ఉండేవి. కట్ట 250 పెసోలు. బేరం ఆడబోతే నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "మామయ్యగారూ, బస్సులో వెళ్దామా?" అన్నాడు బావమరిది. నలుగురికీ రానూపోనూ ఐదొందల పెసోల లోపే. ఆ వ్యాన్‌కి 255 డాలర్లు ఇచ్చిన నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

బస్సు దిగి కాస్త నడిచాం. గేటు దాకా వెళ్ళలేదు, నాన్న వద్దన్నాడు. ఆయన కోరిక ప్రకారం అస్థికలు ఆ తోటలోనే ఒక చెట్టు కింద, ఆయన మూడు కాళ్ళ కుక్క మనుయేలా పక్కన ఉంటాయి. అదంతా లోపల, కనిపించదు. రోడ్డు పక్క కంచె దగ్గర పూలు పెట్టబోతుంటే మా ఆవిడ "ఆగండి మామయ్యా, రెండు ఇటివ్వండి" అని తీసుకుని జడలో పెట్టుకుంది. తిరుగు బస్సు నలభై నిమిషాలకి గానీ రాలేదు. స్టాపులో ఉన్న ఒకావిడ నాన్నకి మాతే అనే ఆకుల టీ గిన్నె అందించింది. నాన్న ఒక గుక్క తాగి మొహం చిట్లించి, "వేపాకు కషాయం కంటే నయం" అని మళ్ళీ తాగాడు.