‘ది క్రూ’ పాత డిస్కు ఎవరైనా అమ్ముతామంటే కొనకండి

పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ గేమ్ కన్సోళ్లకి పాత డిస్కులు కొనేవాళ్లు ఇది ఒకసారి చదవండి. 2014 డిసెంబరులో వచ్చిన ‘ది క్రూ’ రేసింగ్ గేమ్, అంటే ఆ సిరీస్‌లో మొదటిది, ఎంత తక్కువకి ఇస్తామన్నా తీసుకోకండి. గీతల్లేని డిస్కయినా సీలు విప్పని డబ్బా అయినా ఒకటే. ఇన్‌స్టాల్ అవుతుంది, లోగోలు వస్తాయి, అక్కడితో సరి.

ఈ గేమ్ కంపెనీ ఉబిసాఫ్ట్ దీని సర్వర్లని 2024 మార్చి 31న ఆపేసింది. అంతకుముందు, 2023 డిసెంబరులోనే, డిజిటల్ స్టోర్లలోంచి తీసేసింది. ఆన్‌లైన్ పోతే పోయింది, కథ వరకు ఒక్కడినే ఆడుకుంటానులే అనుకుంటే అదీ కుదరదు. ఒక్కరే ఆడే కథ కూడా సర్వర్‌కి కనెక్ట్ అయితేనే మొదలవుతుంది. మన సేవ్‌లు, అంటే ఎంతవరకు ఆడామో ఆ రికార్డు, ఉండేది కూడా ఆ సర్వర్లలోనే. ఆఫ్‌లైన్ మోడ్ అనేది ఈ గేమ్‌కి ఎప్పుడూ లేదు, మూసేముందు ఒక ప్యాచ్ (అప్‌డేట్) రూపంలో ఇచ్చిపోనూ లేదు.

మా చిన్నాన్న కొడుక్కి సికింద్రాబాద్‌లో పాత గేములమ్మే ఒక షాపువాడు ఈ డిస్కే అంటగట్టాడు. ఎనిమిది వందలు. మావాడు అడిగే కొన్నాడు.

“నడుస్తది గదా అన్నా?”

“ఫుల్ వర్కింగ్ తమ్మీ. డిస్క్ జూడు, అద్దం లెక్క ఉంది.”

ఇంటికొచ్చి డిస్కు పెడితే కాపీ అయ్యే గీత మెల్లగా చివరిదాకా వచ్చింది. టైటిల్ స్క్రీన్ కూడా వచ్చింది, ఇక ఆడటమే అనుకున్నాం. బటన్ నొక్కగానే కనెక్ట్ అవుతున్నట్టు చూపిస్తూ కాసేపు తిరిగి, సర్వర్ దొరకలేదని ఎర్రర్ ఇచ్చి మళ్లీ మొదటికే వచ్చేసింది. వైఫై ఆపి ఆన్ చేశాం, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టాం. వాడైతే గేమ్ మొత్తం డిలీట్ చేసి మళ్లీ ఎక్కించాడు. ఏం చేసినా అదే ఎర్రర్.

వాపసు ఇవ్వడానికి వెళ్తే షాపాయన మాట మారిపోయింది. “డిస్క్ రీడ్ అయితుంది గదా? కంపెనోళ్లు బంద్ వెడితే నేనేం జెయ్యాలె?” అంటే విషయం ముందే తెలుసన్నమాట. నేను మాట్లాడుతుంటే ఆయన వెనక ర్యాక్‌లో అదే గేమ్ డబ్బాలు ఇంకో రెండు కనిపిస్తూనే ఉన్నాయి. చివరికి సగం డబ్బు వదులుకుంటే పాత ఫుట్‌బాల్ గేమ్ ఫిఫా 17 ఇస్తానన్నాడు. ఫిఫా 17! ఊరికే ఇచ్చినా తీసుకునేవాళ్లు లేని డిస్కు.

ఇంత పాత గేమ్ కోసం ఎందుకు ఎగబడతారంటే, యూట్యూబ్‌లో దాని వీడియోలు ఒకసారి చూడండి. మొత్తం అమెరికా మ్యాప్‌ని కుదించి ఒకే గేమ్‌లో పెట్టారు. డెట్రాయిట్‌లో బయల్దేరి మయామీ వెళ్లొచ్చు, న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్ దాకా దేశానికి అడ్డంగా నడుపుకుంటూ పోవచ్చు. ముప్పావుగంట దాకా పడుతుంది, మధ్యలో ఎక్కడా లోడింగ్ స్క్రీన్ రాదు. మంచు కొండలు దాటితే ఎడారి, ఎడారి దాటితే సముద్రం. రేసుల సంగతి పక్కనపెట్టి ఊరికే రాత్రిపూట అలా తిరగడానికే ఆడినవాళ్లు చాలామంది. కారుకి పార్టులు మార్చేటప్పుడు బండి మొత్తం విడిపోయి ఇంజిను, చక్రాలు, డోర్లు గాల్లో తేలుతూ మళ్లీ ఒకదానికొకటి అతుక్కుంటాయి. అది చూడటానికే మావాడు అంత తహతహలాడాడు.

కథ మనకి కొత్తదేమీ కాదు. డెట్రాయిట్‌లో వీధి రేసుల గ్యాంగ్ ఒకటి, పేరు 5-10. దాన్ని నడిపే అన్నని చంపేస్తారు, ఆ హత్య తమ్ముడి నెత్తిన పడుతుంది. జైలు నుంచి బయటికొచ్చిన తమ్ముడు అదే గ్యాంగ్‌లో చేరి కింది నుంచి పైకి ఎదుగుతూ అసలు దోషుల దాకా వెళ్లాలి. ఈ అన్నదమ్ముల పగ మన సినిమాల్లో ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు, అయినా ఆడేటప్పుడు పట్టు ఉంటుంది.

బతికున్న రోజుల్లో కూడా దీంతో చిరాకులు తక్కువేం కాదు. రేసులో ఎంత ముందుకెళ్లినా వెనకబడ్డ కారు చివరి మలుపు దగ్గర పక్కకొచ్చి నిలబడుతుంది. ప్లేయర్లు రబ్బర్ బ్యాండింగ్ అని తిట్టుకునేది దీన్నే. పారిపోయే కారుని గుద్ది ఆపాల్సిన మిషన్లు ఇంకా ఘోరం, అవతలి బండి ట్రాఫిక్‌లో దారి దానికే తెలిసినట్టు దూరిపోతుంది, మనం లారీ కింద ఉంటాం. పైగా పూర్తి ధర పెట్టి కొన్న గేమ్‌లో కార్ల కోసం నిజం డబ్బుతో క్రెడిట్లు కూడా అమ్మేవాళ్లు. ఇవన్నీ భరించినవాళ్లకి చివర్లో గేమే లేకుండా పోయింది.

వాళ్లు ఊరుకోలేదు. అమ్మిన గేముల్ని కంపెనీలు ఇలా చంపేయకూడదని 2024 ఏప్రిల్‌లో మొదలైన స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమానికి నిప్పంటించింది ఈ గేమే. యూరప్‌లో పెట్టిన పిటిషన్‌కి 2025లో పది లక్షల సంతకాలు దాటాయి. 2024 నవంబరులో ఇద్దరు ఆటగాళ్లు కాలిఫోర్నియా కోర్టుకెక్కారు. డబ్బాలో వచ్చిన యాక్టివేషన్ కోడ్‌కి గడువు 2099 దాకా ఉందని చూపించి, మరి పదేళ్లకే ఎలా ఆపుతారని అడిగారు. మీరు కొన్నది గేమ్‌ని వాడుకునే లైసెన్సే, దాని మీద శాశ్వత హక్కు ఎప్పుడూ ఇవ్వలేదు అన్నది కంపెనీ వాదన. డిజిటల్‌గా అమ్మేటప్పుడు ఆ ముక్క కొనేవాడికి స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియాలో చట్టం కూడా వచ్చింది, 2025 జనవరి నుంచి అమల్లో ఉంది. ఇక ఫ్యాన్స్ కొందరు కూర్చుని సొంత సర్వర్ తయారుచేసి గేమ్‌ని మళ్లీ నడిపిస్తున్నారు. వాళ్ల ఓపికకి దండం పెట్టాలి. కానీ అది పీసీ వెర్షన్‌కే, పీఎస్4 డిస్కుకి పనికిరాదు. షాపువాడు ‘మళ్లీ స్టార్ట్ అయిందంట’ అని చెప్తే నమ్మకండి.

మిగతా వీధి రేసు గేముల గురించి కూడా రెండు ముక్కలు. 2015లో వచ్చిన నీడ్ ఫర్ స్పీడ్ చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది. రాత్రి, తడిసిన రోడ్లు, నియాన్ లైట్లు. కానీ దానికీ నెట్ ఉండి తీరాలి. ఇంట్లో కరెంటు పోయి రౌటర్ ఆగితే, కన్సోల్ ఇన్వర్టర్ మీద ఉన్నా గేమ్ బయటికి తోసేస్తుంది. పాజ్ కూడా ఉండదు. రేసు మధ్యలో అమ్మ పిలిస్తే ఓడిపోయి వెళ్లాల్సిందే. దాని సర్వర్లు ఎన్నాళ్లు ఉంచుతారో కంపెనీ ఇష్టం కాబట్టి పెద్ద ధర పెట్టొద్దు. అదే సిరీస్‌లో 2019 నాటి హీట్‌లో సోలో (ఒక్కరే ఆడేది) అని వేరే ఆప్షన్ ఉంది, పాజ్ ఉంది. అదే తీసుకోవడం నయం.

ఆ సిరీస్‌దే 2005 మోస్ట్ వాంటెడ్ సంగతి చెప్పక్కర్లేదు. నెట్ సెంటర్లో గంటకి ఇంతని కట్టి ఆ నీలం, వెండి రంగు బీఎండబ్ల్యూ నడపనివాళ్లు మన బ్యాచ్‌లో తక్కువ. ఆ మోజు మీదే ఇప్పుడు పాత పీసీ డిస్కులు ‘కలెక్టర్ పీస్’ అని రెట్టింపు ధరకి అమ్ముతున్నారు. దాచుకోవడానికైతే మీ ఇష్టం. ఆడటానికైతే మాత్రం ఆలోచించండి. అందులో ఉన్న సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణని విండోస్ 10 నుంచి మైక్రోసాఫ్ట్ నడవనివ్వడం లేదు. ఇదే సిరీస్‌లోని కార్బన్, అండర్‌కవర్, ది రన్ అయితే 2021లోనే డిజిటల్ స్టోర్లలోంచి తీసేశారు. వాటి ‘ఫ్రెష్ కోడ్’ (డౌన్‌లోడ్‌కి వాడని కోడ్) ఉందని ఎవరైనా మెసేజ్ పెడితే, అది ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి.

టెలిగ్రామ్ గ్రూపుల్లో రెండు మూడు వందలకి అమ్మే, గేములున్న షేర్డ్ అకౌంట్ల జోలికి అసలు వెళ్లొద్దు. ఒకే అకౌంట్‌ని పదిమందికి అమ్ముతారు, పాస్‌వర్డ్ మారిన రోజు అమ్మినవాడి నంబరు స్విచ్ఛాఫ్ వస్తుంది.

షాపులో కొంటే బిల్లు మీద గేమ్ పేరు, ఏ కన్సోల్‌కో రాయించుకోండి. నడవని సరుకుని నడుస్తుందని చెప్పి అమ్మితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టొచ్చు, మేమూ పెట్టాం. డబ్బా వెనక అడుగున సన్న అక్షరాలు ఉంటాయి, ఇంటర్నెట్ తప్పనిసరి అన్న ముక్క ఉండేది అక్కడే. షాపులో కన్సోల్ ఉంటే నెట్ తీసేసి ఒక రేసు మొదలుపెట్టి చూపించమనండి. డిస్కు రీడ్ అయిందని మెనూ చూపిస్తే చాలదు, కారు కదలాలి.

ఒకవేళ అమెరికా అంతా తిరగాలన్న సరదా తీరకపోతే, 2018లో వచ్చిన ‘ది క్రూ 2’ ఉంది. ఈ గొడవంతా అయ్యాక 2025లో దానికి ఆఫ్‌లైన్‌లో ఆడే మోడ్ ఇచ్చారు, అప్‌డేట్ వేసుకోవాలి. కథ అంత గొప్పగా ఉండదు, అన్నాదమ్ముల పగ లేదు, బదులుగా పడవలు, విమానాలు ఉన్నాయి. రెండు డబ్బాల మీదా పెద్ద అక్షరాల్లో ఉండేది అదే పేరు కాబట్టి, పక్కన 2 అంకె ఉందో లేదో చూసుకునే డబ్బులివ్వండి.