గండికోట ‘కాన్యన్ ఫేసింగ్’ టెంట్లకు డబ్బు కట్టబోతున్నారా? ముందు ఇది చదవండి

కార్తీకమాసంలో ఒక శని, ఆదివారాలు గండికోట వెళ్లొచ్చాం. గండికోటకు వంక పెట్టేదేమీ లేదు, నా ఏడుపంతా మాకు ఆ ప్యాకేజీ అంటగట్టిన వాళ్ల మీదే. చలికాలం కదా, ఇన్‌స్టా తెరిస్తే చాలు ఇవే రీల్స్. డబ్బు కట్టబోయేవాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పెద్దవాళ్లకు రూ. 1,999, పిల్లలకు రూ. 999. అందులో కాన్యన్ ఫేసింగ్ (అంటే లోయకు ఎదురుగా ఉండే) టెంటు, రాత్రికి క్యాంప్‌ఫైర్, బార్బెక్యూ, తెల్లవారుజామున గైడుతో లోయ దగ్గరికి నడక, ఆ తర్వాత లోయ అడుగుకు ట్రెక్కు, చివర్లో కయాకింగ్, అంటే తెడ్డు వేసుకుంటూ చిన్న పడవల్లో తిరగడం. నేను, మా ఆవిడ, అత్తగారు, బావమరిది, ఇద్దరు పిల్లలు. మొత్తం రూ. 9,994. సగం ఇప్పుడిస్తా, మిగతాది అక్కడికొచ్చాక ఇస్తానన్నాను. “వీకెండ్ సార్, రెండే టెంట్లు మిగిలాయి, ఫుల్ పేమెంట్ చేస్తేనే బ్లాక్ చేస్తాం” అన్నాడు ఫోన్లో కుర్రాడు. సరేనని ఫోన్‌పే కొట్టాను. స్క్రీన్ మీద సంస్థ పేరు రాలేదు, ఎవరిదో మనిషి పేరు వచ్చింది. బిల్లు అడిగితే “వాట్సాప్‌లో కన్ఫర్మేషన్ వస్తుంది సార్” అన్నాడు. అక్కడే ఆగాల్సింది. ఆగలేదు.

వాళ్ల ప్రకటనలోని ఫొటోను ఇంటి గ్రూపులో పెట్టాను, మేం వెళ్తున్నది ఇక్కడికే అని గొప్పగా. అరిజోనాలో ఉండే మా తోడల్లుడు వెంటనే నవ్వుతున్న బొమ్మలు పెట్టి, “అన్నా, ఇది మా దగ్గరిది. పేజ్ అనే ఊరి పక్కన కొలరాడో నది గుర్రపు నాడాలా మెలిక తిరిగే చోటు. మొన్న వేసవిలోనే వెళ్లాం” అన్నాడు. అప్పటికే డబ్బు కట్టేసి మూడు రోజులైంది. గండికోటను ‘ఇండియా గ్రాండ్ కాన్యన్’ అని పిలిచీ పిలిచీ ఈ పరిస్థితి తెచ్చారు. అక్కడి ఫొటో పెట్టి ఇక్కడి టెంటు అమ్మినా చెల్లిపోతోంది. అసలు పెన్నకు ఈ అరువు పేరు ఎందుకో నాకర్థం కాదు. ఎర్రమల కొండల్ని నది కోసుకుంటూ పోయిన సందు గండి, దాని అంచున కట్టింది కోట. ఊరి పేరులోనే అంతా ఉంది.

జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు. లొకేషన్ పంపమని పొద్దుటి నుంచి అడుగుతుంటే సాయంత్రం ఐదింటికి పంపారు. అది మమ్మల్ని తీసుకెళ్లింది ఒక శనగ చేను పక్కకు. ముప్పై దాకా టెంట్లు, ఒకదానికొకటి మోచేతి దూరంలో. లోయ లేదు సరికదా, కోట గోడ కూడా కనిపించదు. “కాన్యన్ ఫేసింగన్నారు కదా, కాన్యన్ ఎక్కడ?” అంటే ఆ పిల్లాడు చేయి చాపి, “ఆ పక్క సార్, రెండున్నర కిలోమీటర్లు” అన్నాడు. టెంటు జిప్పు ఆ దిక్కుకు ఉంది. అంతవరకు మాట నిలబెట్టుకున్నారు!

అంతమందికీ రెండే మరుగుదొడ్లు, అందులో ఒకదానికి నీళ్లు లేవు. రాత్రి గాలికి టెంటు ఒక పక్క లేచిపోతుంటే నేనూ బావమరిదీ బ్యాగులు బరువు పెట్టి కూర్చున్నాం. అత్తగారు కార్తీకమాసంలో నీచు ముట్టరు. ముందే చెప్పాం, “వెజ్ సెపరేట్ సార్” అన్నారు. తీరా చూస్తే చికెన్ కాల్చిన కడ్డీకే పనీరు గుచ్చి తెచ్చారు. ఆవిడ రెండు అరటిపళ్లు తిని పడుకున్నారు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. అనుంటేనే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఐదున్నరకు రావాల్సిన జీపు ఆరున్నరకు వచ్చింది. సూర్యోదయం శనగ చేనులోనే అయిపోయింది. గైడు అన్నది డ్రైవరునే. కోట గుమ్మం దగ్గర దింపి, “నేరుగా పోండి సార్, అందరూ ఆడికే పోతాండారు” అని ఫోను చూసుకుంటూ ఉండిపోయాడు. చార్మినార్ అని పిలిచే పావురాల గోపురం, జామా మసీదు, ధాన్యాగారం చూసుకుంటూ మాకు మేమే నడిచాం. మసీదు దాటాక దారంటూ ఉండదు, బండల మీద బండలు. అత్తగారి చేయి పట్టుకుని ఒక్కో బండా దిగడానికి అరగంట పట్టింది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోండి, ప్యాకేజీ వాళ్లెవరూ చెప్పరు.

అంచుకు చేరాక మాత్రం అందరం నోరు మూసుకున్నాం. రెండు వైపులా ఎర్రరాయి, ఎవరో ఇటుకలు పేర్చి మధ్యలో కత్తితో కోసినట్టు. అడుగున ఆకుపచ్చ నీళ్లు కదలకుండా ఉన్నాయి. అయితే మేం చూసినచోట అంచున కంచె లేదు, కమ్మీ లేదు. మా చిన్నది నిలబడిన బండకూ వెనక బండకూ మధ్య నా చెయ్యి పట్టేంత పగులు ఉంది. దాన్ని చూశాక పిల్లల్ని ఒక్క అడుగు ముందుకు వెయ్యనివ్వలేదు. పక్కనే ఇద్దరు కుర్రాళ్లు కాళ్లు కిందికి వేలాడేసి సెల్ఫీలు. గైడు డబ్బు తీసుకున్నది ఈ చోట పక్కన ఉండడానికే కదా.

ఇక లోయ అడుగుకు ట్రెక్కు. కోట లోపల టీ అమ్మే పెద్దాయన్ను దారి అడిగితే ఆయన నన్ను పైకీ కిందకీ చూసి, “యాడ దిగుతారు సార్? నీళ్లుండాయి కదా” అన్నాడు. పెన్న మీద గండికోట జలాశయం ఉంది, 26.85 టీఎంసీలది. దాని దిగువన మైలవరం జలాశయం ఉంది. లోయలో నీళ్లు ఎంత ఉంటాయన్నది ఇక్కడ పడే వాన కన్నా ఆ రెండింటిలో నిల్వనూ, పైనుంచి కిందికి వదిలేదాన్నీ బట్టే ఉంటుంది. ఇసుకలో జనం నడుస్తున్న ఫొటోలు చూపించి ట్రెక్కు అమ్ముతున్నారంటే అవి నీళ్లు లేనప్పుడు తీసినవి. “ఈ వారం నీటిమట్టం ఎంతుంది, నిన్న తీసిన ఫొటో పంపు” అని అడగండి. నేను అడగలేదు.

కయాకింగ్ దగ్గర నా ఓపిక అయిపోయింది. లైఫ్ జాకెట్లు ఒక కుప్పగా పడేసి ఉన్నాయి. నాకిచ్చినదానికి మూడు క్లిప్పుల్లో రెండు విరిగిపోయాయి, వాటికి బదులు ప్లాస్టిక్ తాడు కట్టారు. పిల్లల సైజు లేదు. తొమ్మిదేళ్ల పిల్లకు పెద్దవాళ్ల జాకెట్ వేసి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే తల మీదుగా ఊడి నా చేతికొచ్చింది. మీరూ ఒడ్డునే ఇలా లాగి చూడండి, నీళ్లలో కూడా జరిగేది అదే. పడవలకు అనుమతి కాగితం ఉందా అంటే “అన్నీ ఉన్నాయి సార్, ఆఫీసులో ఉన్నాయి” అన్నాడు. నాకు కచ్చులూరు గుర్తొచ్చింది. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో గోదావరిలో బోటు మునిగింది అక్కడే. అదీ కొండల మధ్య నది సన్నబడే చోటే. మేం పడవ ఎక్కం అని చెప్పేశాం. “ఎక్కకపోవడం మీ ఇష్టం సార్, నో రిఫండ్” అన్నాడు.

ఇంటికొచ్చాక వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. ప్రకటన స్క్రీన్‌షాట్, పేమెంట్ రసీదు, శనగ చేను ఫొటో, తాడు కట్టిన జాకెట్ ఫొటో అన్నీ పెట్టాను. పది రోజులకు రూ. 2,000 తిరిగొచ్చాయి, ‘కయాకింగ్ అమౌంట్’ అని రాసి. మిగతాదానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తున్నాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం ఉండే ఊళ్లోనే వేయొచ్చు, జమ్మలమడుగు దాకా తిరగక్కర్లేదు. కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. మనిషి పేరు మీదికి డబ్బు వేశానని ఒకాయన నన్ను తిట్టాడు. న్యాయంగానే తిట్టాడు.

ఒక్క మాట. ఆ లోయ చూడ్డానికి ప్యాకేజీయే అక్కర్లేదు. కోట దగ్గర్లోనే పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది, అది దొరక్కపోతే జమ్మలమడుగులో పడుకుని చీకటితోనే బయల్దేరితే సూర్యోదయానికి అందుకుంటారు. రైల్లో వచ్చేవాళ్లకు ముద్దనూరు స్టేషన్ ఉంది. టార్చి, మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పట్టు ఉన్న బూట్లు. టెంటే కావాలంటే లొకేషన్ ముందే తీసుకుని మ్యాపులో కోట గుమ్మానికి ఎంత దూరమో చూసుకోండి. అది పంపనివాడికి రూపాయి కూడా పంపకండి.

మేం మిగిలిన పూటను బెలూం గుహల్లో గడిపాం. అక్కడ టిక్కెట్టు కొనుక్కుని, లైట్లు పెట్టిన దారిలో గుహ లోపల పాతాళగంగ అనే నీటిపాయ దాకా నడిచి వచ్చాం. అత్తగారు మొత్తం ప్రయాణంలో నవ్వింది అక్కడే.

నిన్న రాత్రి మా బావమరిది ఒక లింకు పంపాడు. ఆ ప్యాకేజీ వాళ్లదే, పేజీ పేరు మార్చారు. డిసెంబరు ఆఖరి వారానికి మనిషికి రూ. 2,499 అట, ‘లిమిటెడ్ టెంట్స్’. ఫొటో మాత్రం ఇంకా అరిజోనాదే.