పెయింటెడ్ హనీఈటర్: కంటితో గుర్తించాలా, కూతతోనా?

తూర్పు ఆస్ట్రేలియా లోతట్టు అడవుల్లో తిరిగే ఈ పిట్ట అక్కడి జాతీయ చట్టం ప్రకారం 2015 నుంచి వల్నరబుల్ (అంతరించే ముప్పున్న) జాబితాలో ఉంది. గ్రాంటియెల్లా ప్రజాతిలో ఇదొక్కటే జాతి. అందుకే దీన్ని గుర్తించిన ప్రతి నమోదూ విలువైనదే.

ఖర్చు: కంటికి మంచి బైనాక్యులర్ కావాలి. కూతకు చెవులు, ఫోన్ రికార్డర్ చాలు.

శ్రమ: దీని ముఖ్యాహారం బదనిక పండ్లు. మన మామిడి కొమ్మల మీద పెరిగే బదనికదీ అదే కుటుంబం. కాబట్టి పైకొమ్మల్లోని బదనిక గుబుర్లను ఓపిగ్గా వెతకాలి. ‘జార్‌-జీ’ అనే రెండక్షరాల కూత మాత్రం దూరం నుంచే వినిపిస్తుంది.

పొరపాటు: నల్లటి వీపు, తెల్లటి పొట్ట, గులాబీ ముక్కు, రెక్కల మీద పసుపు అంచు. ఇవన్నీ కనిపిస్తే ఇక సందేహం లేదు. పిల్లపిట్టల్లో ఆ గులాబీ ఉండదు, జాగ్రత్త. కూతతో చిక్కేమిటంటే, గూడు కట్టే కాలం దాటితే పిట్ట మౌనంగా ఉంటుంది. పలికించాలని రికార్డింగ్ వినిపించడం నాకు అసలు నచ్చదు. గూటి దగ్గరున్న పిట్టను అది కలవరపెడుతుంది.

గూడు కట్టే వసంతం, వేసవిలో పెద్ద అడవిని గాలించాలంటే కూతే మేలు. శీతాకాలంలో, ఉత్తరానికి వలసపోయిన పిట్టలకు, కన్నే దిక్కు. కొత్తచోట కనిపిస్తే ఫొటో కూడా తీయండి.